ఫ్యాను లేని గది

నారాయణపేటల మే నెల, పగటి పదకొండు.
తలుపులు మూసి, కిటికీలకు గోనెపట్టాలు కట్టి
గది తన ఊపిరి తానే బిగబట్టుకొని కూసుంది.
సంచి దించి తలెత్తి చూస్తే
దూలానికి కొక్కెం కూడ లేదు.
"ఫ్యాను ఏడ పెద్దాయనా?"
మోనాచారి నవ్విండు.
"నలభై ఏండ్ల సంది గాలికీ నాకూ పడది ఖాజా.
రజను ఎత్తుకపోతది,
మంటను పక్కకు తిప్పుతది."

కుంపటి ముందట ఆయన కోడలు భ్రమరాంబక్క.
పెదవుల మీద ఊదుగొట్టం, కండ్లు కమ్మ అతుకు మీద.
ముక్కు కొసన చెమట బొట్టు
రాలేలోపే మోచేత్తోటి తుడుచుకుంటది.
పోయినేడు ఒక్క బొట్టు వెలిగారంల పడి
చిటపటమని అతుకు విడిందట.
ఆ కోపానికే కొన్నది ఏసీ,
పన్నెండు నెలల కిస్తీల మీద.

రెండడుగుల మట్టిగోడ, నడుమ రాళ్లు.
రసమట్టంల బుడగ నడిమికొచ్చేదాక జరిపి జరిపి
ప్లేటు బిగించిన.
డ్రిల్లు అందుకున్ననో లేదో
"ఆగు" అన్నడు ముసలాయన.
తడిపిన తెల్ల పంచె తెచ్చి గోడ కింద పరిచిండు,
నాలుగు కొసలకు నాలుగు రాళ్లు.
"సున్నం రాలితే నేనే ఊడుస్త గద."
"రాలేది సున్నం ఒక్కటే గాదు."

డ్రిల్లు గుర్రుమంది.
మొదలు సున్నం, ఆ వెనుక నీలం రంగు, మళ్లా సున్నం,
వాళ్ల నాయన నాటి పేడపూత,
ఆఖరికి ఎర్రమన్ను.
ఆకురాయి గీసినప్పుడల్లా ఎగిరిందంత
ఈ గోడనే తాగిందట.
యేడాదికోసారి జలగడిగేటోళ్లొచ్చి
నేల మీది దుమ్ముకు బేరమాడుతరు.
గోడను మాత్రం ఎవ్వరూ అడగలే.
బయటికి వాలుగ బెజ్జం పడ్డది,
పిడికెడు వెలుతురు లోపలికొచ్చింది.
అండ్ల ఎగిరే నలుసులను
లెక్కబెడుతున్నట్టే చూసిండాయన.

మిద్దె మీద బయటి డబ్బా పెట్టి
రాగి పైపులు దించిన.
కొస వెడల్పు చేస్తే సన్నగ పగిలింది.
కోసి మళ్లా చేసిన.
మళ్లా పగిలింది.
"పైపు మంచిది గాదక్కా, ఆ కంపెనీ..." అంటున్న.
ఆమె మాట్లాడలే.
కొసను పటకారుతోటి పట్టి కుంపట్ల పెట్టి ఊదింది.
రాగి నల్లబడ్డది, ఎర్రబడ్డది,
గురిగింజ రంగుకు రాంగనె నీళ్లల్ల ముంచింది.
సుయ్‌మంది.
"గట్టిపడ్డదాన్ని ఒకసారి కాల్చి సల్లార్చాలె తమ్మీ,
అప్పుడు చెప్పినట్టు ఇంటది."
ఇన్నది.
ఉమ్మెత్త పువ్వు లెక్క విచ్చుకుంది.
పన్నెండేండ్ల సంది ఇదే పని నాది,
ఈ ముక్క ఏ ఉస్తాదూ చెప్పలే.

పంపు పెట్టి గాలి గుంజిన, ఇరవై నిమిషాలు
ముల్లు కదలలే.
గ్యాసు ఇడిచి సబ్బు నురుగ పూస్తే
ఒక్క బుడగన్న లేవలే.
"రెక్కలు పైకి తిప్పు, మంట మీదికి రావద్దు."
తిప్పిన. స్విచ్చు వేసిన.
ముగ్గురం దీపం దిక్కే చూసినం.
మంట నిటారుగ నిలబడ్డది.
వణికింది మోనాచారి ఒక్కడే.
తువ్వాల భుజాల నిండ కప్పుకొని
"ఇది గాలి గాదు, సలి.
దీంతోటి నాకు పంచాయతి లేదు" అన్నడు.

పోతుంటె గడప కాడ ఇత్తడి బేసను పెట్టిండు.
"కాళ్లు చేతులు కడుక్కో."
కడుపుల కలుక్కుమంది. నేనేమన్న దొంగనా?
నా తర్వాత ఆయనా అండ్లనే కడుక్కున్నడు,
ఆయన వెనుక అక్క.
ఆ నీళ్లు పారబొయ్యరట.

మక్తల్ రోడ్డు మీద బండి ఆపి బీడీ ముట్టిస్తుంటె
అగ్గిపుల్ల వెలుగుకు
చూపుడు వేలి గోరు సందుల నలుసొకటి మెరిసింది.
రాగో, బంగారమో.
నా సంచిల రెంచీలున్నయి, గీటురాయి లేదు.
ఎల్లుండి నీళ్ల పైపు సూసేందుకు మళ్లా పోవాలె.
అప్పటిదాక ఆ గోరు కత్తిరించ.