సీమకోడి ఈకలు

మా ఓసునా వీధుల్లో
కిటికీ ఊచలకు ఇటు పిల్ల, అటు పిల్లాడు
గంటలకొద్దీ గుసగుసలాడుతుంటే
"సీమకోడి ఈకలు పీకుతున్నారు" అంటారు.
ఎవరో పనిపిల్ల పండక్కి కోసిన కోడిని
ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుందట,
తెల్లారినా ఈకలు తెమల్లేదట.

నేనూ పీకాను, నాలుగేళ్లు.
ఆలివ్ గానుగ నుంచి తిన్నగా వచ్చేవాడు కాసిమీరో,
గోళ్ల కింద నూనె మడ్డి.
వెనక గదిలో మేనత్త దగ్గేది.
అదే మా గడియారం,
మూడో దగ్గుకి అతను వీధి మలుపు తిరిగిపోవాలి.
ఊచలన్నీ చల్లగా ఉండేవి
అతని నుదురు ఆనిన చోట తప్ప.

"తే కియేరో" అన్నాడొక రాత్రి.
మా భాషలో కావాలన్నా ప్రేమన్నా ఆ ఒక్క మాటే.
ఏదన్నాడో అడగబోయాను,
మేనత్త మూడోసారి దగ్గింది.

పెళ్లయింది. మధ్యన ఊచల్లేవు.
మాటలూ తగ్గాయి, ఏం చేస్తాం,
ఉప్పు, అద్దె, పిల్లాడి జ్వరం,
నలభై ఏళ్లు ఒకే మంచం మీద
చెరో గోడవైపు నిద్ర.

నిన్న రొట్టెకని వెళ్లినవాడు
తలుపు దాకా రాలేదు.
కిటికీ అవతల నిలబడ్డాడు,
చంకలో రొట్టె, చేతిలో టోపీ.
"తాళంచెవి మర్చిపోయావా?"
జేబు తట్టి గలగలలాడించాడు.
"ఉంది."
ఇంకేం అనలేదు, నుదురు ఊచకి ఆనించాడు.

పొయ్యి మీద శనగలు అడుగంటుతున్న వాసన.
కుర్చీ లాక్కున్నాను.
మాడితే మాడనీ,
వెనక గదిలో ఎవరూ దగ్గడం లేదు.