స్టెప్నీ గుంట

మారివిక్ కారు నాకమ్మి సెబూ వెళ్ళిపోయింది.
డిక్కీలో పరిచిన చాప ఎత్తి చూపించడం మరిచిపోయింది,
మరిచినట్టు నటించిందో.
చాప కింద చక్రమంత గుంట.
గుంటలో నల్ల ఫోము, ఫోములో
సీసా ఆకారంలో మరో చిన్న గుంట.
అందులో ఒక హెయిర్ క్లిప్పు, గుప్పెడు ఇసుక.

నిజ్వా సనయ్యాలో, అసర్ నమాజుకి కాస్త ముందు,
మోఫిజుల్ దుకాణం.
"హైమా దాకానా సిస్టర్?"
హైమా దాకానే. డ్యూటీ అక్కడే.
ఆడమ్ దాటాక మూడు గంటల రోడ్డు,
ఎవరో స్కేలు పెట్టి గీసి వదిలేసినట్టు.
దిగి నిలబడితే నీడంటే
నీ నీడే.

ముందు సీసా తీశాడు.
వాల్వుకి తగిలించి నొక్కితే చాలట,
తెల్లటి పాలు లోపలికెళ్ళి
చిల్లిని అవే వెతుక్కుంటాయట.
సీసాని వెనక్కి తిప్పాను, అలవాటు.
పన్నెండేళ్ళుగా తిప్పుతున్నాను,
మందు పేరు తర్వాత, ముందు తారీఖు.
పోయిన రంజానుకే అయిపోయింది.
మోఫిజుల్ అంకెని గోటితో గీకాడు
గీకితే పెరుగుతుందేమోనని.
ఇంకోటి తెచ్చాడు. తారీఖుంది.
అడుగున చీమలంత అక్షరాల్లో:
యాభై డిగ్రీలు దాటనివ్వొద్దు.
జూన్‌లో నా డిక్కీలో మరిచిపోయిన చాక్లెట్టుని
గ్లాసులో పోసుకుని తాగాను నేను.

తర్వాత కంప్రెసర్.
సిగరెట్టు సాకెట్టుకి గుచ్చితే
జలుబు చేసిన పిల్లాడిలా గురగురమంది.
తీగ పట్టుకుని కారు చుట్టూ నడిచాను.
వెనక చక్రానికి జానెడు తక్కువ.
పొడుగు తీగది ఇంకో రెండు రియాల్లు.

చివర్న, తనకే ఇష్టం లేనట్టు, ఒక ఎర్ర డబ్బా.
బరమా ఒకటి, పెద్ద కన్నున్న సూది ఒకటి,
రబ్బరు వత్తులు ఐదు,
మా పక్కింటి రాజ్యలక్ష్మిగారు చేసే వత్తుల్లాగే,
కాకపోతే నల్లగా, లావుగా, చేతికి అంటుకుంటూ.
"దీనికి బలం కావాలి సిస్టర్. మగవాళ్ళ పని."

బయట గుట్టలోంచి రిమ్ముతో సహా ఒక పాత టైరు
దొర్లించుకొచ్చాను. గాలి కొట్టమన్నాను.
మేకు అడిగాను.
మోఫిజుల్ మేకిచ్చి, సుత్తిచ్చి,
రెండడుగులు వెనక్కి జరిగాడు.

మేకు పీకగానే బుస్సుమంది.
అది ఎటు వాలి దిగిందో
బరమా కూడా అటే వాలాలి.
నరం దొరకనప్పుడు మా పెద్ద సిస్టర్ అనేది:
తొయ్యకే సలోమీ, దారి అడుగు.
అడిగాను. ఇచ్చింది.
వత్తి ఎక్కించిన సూదిని లోపలికి దించి
ఒక్క గుంజు.
సూది బయటికొచ్చింది, వత్తి ఉండిపోయింది
కుందేలు పిల్లలా రెండు చెవులు బయటపెట్టుకుని.
సబ్బునీళ్ళు లేవు. మోఫిజుల్ ఉమ్మి రాశాడు.
వంగి చూశాం ఇద్దరం.
బుడగ లేదు.

"మరి పక్కగోడ చీలితే?"
వాడి చెయ్యి అలవాటుగా అరవైపు లేచింది,
సగంలో ఆగి, దిగింది.
"దానికేం లేదు సిస్టర్.
అప్పుడు ఫోను, నీళ్ళు, అల్లా."
ఫోను అందని చోటో?
"అయితే నీళ్ళు."
ఈ మాట చెప్పడానికి వార్డు బయట
నేనెన్ని మలుపులు తిరుగుతానో.
వాడు తిన్నగా చెప్పేశాడు, టైరు మీద కూర్చుని.

ఎర్ర డబ్బా, కంప్రెసర్, పొడుగు తీగ.
నీళ్ళు రెండు పెట్టెలు పక్క కొట్లో.
ఫోములో సీసా గుంటకి టార్చిలైటు సరిపోయింది.
హెయిర్ క్లిప్పు తియ్యలేదు.
బిల్లులో చివరి వరుస, వంకర బెంగాలీ అంకెల్లో:
వాడిన వత్తి ఒకటి, రెండొందల బైసలు.

ఆడమ్ దాటాక రేడియో కట్టేశాను.
నాలుగు చక్రాలూ ఒకే మాట చెప్తున్నాయి.
వాటిలో ఏది ముందు మాట తప్పుతుందో
చెవులు రిక్కించి
హైమా దాకా.