గడపల పిండి

బహ్లా కోట వెనక కూలిన మట్టిగోడల్ల
మంత్రగాళ్లను ఏరి చంపినోడు తిరుగుతడట.
సచ్చి మూడొందల ఏండ్లయినా
ఇంకా తలుపులు కొడతడట.

సూద్దామని పోయినం,
నీళ్ల ట్యాంకరు ఖల్ఫాన్, నేను.
గడపల గోధుమపిండి చల్లి
ఫోన్ల రికార్డింగు పెట్టి కూసున్నం.

తెల్లారి పిండిమీద నక్క అడుగులు.
రికార్డింగుల గాలి, నడుమ ఖల్ఫాన్ దగ్గు.
"లేడు," అని నవ్విండు.
"మీ దిక్కు ఉన్నరా ఇసొంటోళ్లు?"

చిన్నవ్వ యాదికొచ్చింది.
బాణామతి చేసిందని కంబానికి కట్టి
పండ్లు పీకిన రాత్రి.
పటుకారు మాది.
అడుగంగనే ఉరికి తెచ్చింది నేనే,
ఎనిమిదేండ్లోణ్ని.

ఎవ్వలూ దయ్యం కాలే.
దావత్‌ల పక్కపక్కన కూసొని తింటరు.

ఖల్ఫాన్‌కు ఏం చెప్పలే.
మల్లచ్చేటప్పుడు నిజ్వా సూక్‌ల
కిలో ఖర్జూరం కొన్న,
గింజ తీసింది,
నోట్లె ఏస్తే కరిగేది.