పన్నెండో జాలీ

డబీర్‌పురా లోపలి గల్లీలో
పేరు రాయని సమాధి ఒకటి.
గల్లీ వైపు గోడకు వరసగా గచ్చు జాలీలు, పదకొండు.
పన్నెండోది మొన్న అక్టోబర్ వానకు
కాలికింద పడ్డ అప్పడంలా నుగ్గయింది.
ఏ రెంటికీ పోలిక లేదు,
ఒకదాన్ని చూసి ఇంకోటి గీయలేను.
ముక్కల్ని గోనెసంచిలోకి ఎత్తి
"పాతది ఎట్లుండెనో పట్టుకరా బేటీ,
చేసుడు నా పని" అన్నాడు చాంద్ పాషా.

అందుకే ఈ రాత్రుళ్లు.
కొలతల టేపు పక్కన పడేసి
అంబర్‌పేట గదిలో, కిర్రుమనే ఫ్యాను కింద
పద్దెనిమిదో శతాబ్దాన్ని వెతుకుతున్నాను.
హైదరాబాద్ అని కొడితే
ముందు సింధులోని హైదరాబాద్ వస్తుంది,
ఆ తర్వాత బిర్యానీ.
గచ్చు పని అంటే ఫాల్స్ సీలింగ్ వాళ్లు
చదరపు అడుగుకింత అని నంబర్లిస్తారు.
జాలీ అంటే దోమతెరలు.
కాలం గీత మీద రెండు చుక్కలుంటాయి.
ఒకదాన్ని పదిహేడు వందలకీ
ఇంకోదాన్ని పదిహేడు వందల తొంభై తొమ్మిదికీ లాగి వదిలితే
నూరేళ్లు
నా బొటనవేలి కింద ఇమిడిపోతాయి.

అప్పుడు తెరుచుకుంటాయి
ఎక్కడెక్కడి మ్యూజియం తలుపులో.
టికెట్టు లేదు, సంచి వెతికే కాపలావాడు లేడు.
ఒకచోట పేరుంది, కొలతలున్నాయి,
బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు చదరం:
'చిత్రం అందుబాటులో లేదు.'
అచ్చం మా పన్నెండో కిటికీ.
ఇంకోచోట మేడమీద బేగం,
చేతిలో మామిడిపండు, తలపైన సీసంరంగు మబ్బు.
కింద చిన్న అక్షరాలు:
చిత్రకారుడు తెలియదు.
హైదరాబాద్, సుమారు 1770.
ప్రస్తుతం ప్రదర్శనలో లేదు.
హక్కులు ఎవరివీ కావు.

బేగం ఎడమ భుజం వెనక
గోరంత జాలీ!
అసలు బొమ్మ నలభై ఎంబీ. డేటా అయిపోయి
పక్క పోర్షన్ వైశాలి వైఫై అడుక్కున్నాను
రాత్రి పన్నెండున్నరకి.
దిగింది. పెద్దది చేశాను.
ఇంకా. ఇంకా.
నక్షత్రం విచ్చి పువ్వయింది,
పువ్వు విచ్చి వట్టి రంగు గళ్లయింది.
గళ్లయితే ఉన్నాయి గాని
అవతలి నుంచి గాలి రాలేదు.

పొద్దున్నే ఫోన్ చాంద్ పాషా చేతికిచ్చాను.
దారం కట్టిన కళ్లద్దాలు ఎక్కించి
సున్నం ఎండిన వేలితో
బేగాన్ని తెర బయటికి తోసేసి
జాలీ లెక్కపెట్టాడు.
"ఏడు కోణాలేసిండు. ఏడు కుదరదు బేటీ,
పక్క చుక్కకు ఆనదు, గచ్చు నిలవదు.
వీడు బేగాన్ని చూసిండు, జాలీని చూడలే."
రెండున్నర శతాబ్దాల కిందటి తప్పుకి
పక్క సైటులో నిన్న జరిగినట్టు
ఒక పెద్ద తిట్టు.
తర్వాత, "హక్కులు ఎవరివంట?"
ఎవరివీ కావంట, అన్నాను.
"అట్లెట్ల? ఎవనివో ఒకనివి ఉంటయి కదా"
అంటూ గోనెసంచి బోర్లించి
ముక్కలు పరవడం మొదలుపెట్టాడు.

నా రిపోర్టులో 'ఆధారం' అని ఒక గడి ఉంది.
లింకు అతికించాను, తీసేశాను.
షెడ్డు లోంచి కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి
నానబెట్టిన సున్నం వాసన.
సాయంత్రానికి ఎనిమిది ముక్కలు కలిశాయి.
తొమ్మిదోది ఎటు తిప్పినా కలవదు,
దాని వంపు ఏ పువ్వుదో ఎవరికీ తెలియదు.
జేబులో వేసుకున్నాడు, చాయ్ తాగుతూ తడుముకోవడానికి.

చీకటి పడింది. ఆటో ఒకటి గల్లీ మలుపు తిరిగింది.
హెడ్‌లైటు పదకొండు నకాషీల్ని
సమాధి రాయి మీద పరిచి లాక్కుపోయింది.
పన్నెండో చోట వట్టి తెల్లటి ముద్ద.
"గిది గూడ ఫోటో తియ్యి" అన్నాడు చాంద్ పాషా.
"రేపు ఎవలన్న ఎతుకుతరు."