క వత్తు

గోరంత. అంతే చోటిస్తారు.
మూడేళ్ళ ఆటకి,
తవిటినాయుడి కళ్ళజోడు నంబరు రెండుసార్లు మారిన ఆటకి,
దుకాణం అరలో దక్కేది నా చిటికెనవేలి గోరంత బొమ్మ.
అటూ ఇటూ కత్తులు, కోటలు, నిప్పులు కక్కే మొహాలు.
వచ్చినవాడి బొటనవేలు వాటి మీదుగా
జగదాంబ సెంటర్లో సిటీబస్సులా
ఆగీ ఆగకుండా పోతుంది.

మొదటి బొమ్మలో నేనేదీ వదల్లేదు.
యారాడ కొండ, కొండ మీద లైట్‌హౌసు,
దూరంగా లంగరేసిన ఓడలు పదకొండు,
ఉక్కు ఫ్యాక్టరీ వైపు రాత్రుళ్ళు ఎర్రబడే మబ్బు,
బోటు, బోట్లో పెట్రోమాక్సు,
ఆ వెలుగులో మునివేళ్ళ మీద లేచి చూసే పిల్ల.
పిల్ల జడలో కనకాంబరాలు కూడా
లెక్కపెట్టి గీశాను.
పెద్ద తెర మీద చూసి ఓనరుగారి అమ్మాయి చప్పట్లు కొట్టింది.
గోరంత చేసి చూస్తే
మురీ మిక్చరు.
పొట్లం చిరిగి బీచి ఇసకలో ఒలికిపోయింది.

"కనీసం పేరన్నా కనపడాలి కదే" అన్నాడు తవిటినాయుడు.
పేరు చుక్కాని.
చిన్నది చేసేకొద్దీ ముందు కింది వత్తు మాయమైంది.
చుకాని అయింది. ఆ తర్వాత గీత. ఆ తర్వాత నలక.
ఇంగ్లీషులో పెట్టేద్దామన్నాడు.
మద్దిలపాలెం గదిలో ఆ రాత్రి
కింద జెరాక్సు షాపు షట్టరు పడ్డాక కూడా
మేం మాట్లాడుకోలేదు.

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకి పోయాను,
పడవ రంగులు సరిగ్గా చూసుకుందామని.
ఐసు పొడి, డీజిలు, చెప్పుల కింద పొలుసులు.
బోర్లించిన డబ్బా మీద కూర్చుని
ఒక బోటుకి పసుపు పూస్తున్నాడు గరికిన పోలయ్య.
ఇన్ని బోట్లలో మీది మీకెలా తెలుస్తుందని ఊరికే అడిగాను.

"పేరు సదివి ఎవులు సూత్తారమ్మా.
ఒడ్డు మీదున్న ఆడోళ్ళకి
బోటు బియ్యప్గింజంత ఉన్నప్పుడే తెలిసిపోవాల.
దీనికి ముక్కు కాడ పసుపు పట్టీ. అదొక్కటే.
పక్కన ఇంకోటేసేవో, మొదటిది సచ్చిపోద్ది."

కుంచె తుడుచుకుంటూ మళ్ళీ అన్నాడు:
"నాకు సదువు నేదు.
కాయితం మీద రాసిచ్చింది సూసి దించుతాను.
అచ్చరవంటే నాకు ఆకారవే."

గదికొచ్చి మొదలెట్టాను.
కొండ పోయింది. లైట్‌హౌసు ఆరింది.
ఓడలు ఒక్కొక్కటే లంగరెత్తుకున్నాయి.
కనకాంబరాల దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.
టీ తాగొచ్చి, అవీ తీసేశాను.
పిల్ల పోయింది. బోటూ పోయింది.
మిగిలింది నల్లటి నీళ్ళు, నీళ్ళకి ఒక గీత.
గీత మీద తెల్లగా, చిన్నగా పేరు తేలుతోంది.
గీత కింద, నీళ్ళలో,
పేరంతటికన్నా పెద్దగా
పసుపురంగు క వత్తు.
ఇన్నాళ్ళూ అదే కదా మాయమవుతోందని ఏడ్చాం.
చుక్కాని ఉండేదీ అక్కడే కదా, అడుగున.

తవిటినాయుడు ఫోను పట్టుకుని మెట్ల కిందికి దిగి,
గేటు దాటి, రోడ్డవతల పాల బూతు దగ్గర నిలబడి ఎత్తి చూపించాడు.
మధ్యలో ఒక ఆటో అడ్డొచ్చింది. పోయింది.
పసుపు అలాగే ఉంది.

సాయంత్రం పోలయ్య చేతికిచ్చాం.
ఫోను దూరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి,
"సుక్కాని" అన్నాడు.
పేరు నేనింకా చెప్పనేలేదు.
కాసేపు చూసి, "మరి తోలేవోడేడీ?"

"ఆ చోటు ఖాళీగా ఉంచాం" అన్నాను,
"ఎవరి వేలో ఒకటి వచ్చి ఆగుతుందని."

ఆయనకి అర్థమైందో లేదో.
కుంచె కిరసనాయిల్లో ముంచి, సముద్రం వైపోసారి చూసి,
"అయితే బేగి ఎట్టండి. గాలి తిరుగుతోంది" అన్నాడు.