కోరపన్ను

మనుషులు నాకు ముఖాలతోటి గుర్తుండరు.
నైఫ్ రోడ్డు వెనక, ఏసీ నీళ్లు కారే సందుల,
రెండో అంతస్తు ల్యాబుల
అల్మారా నిండ ప్లాస్టర్ నోళ్లు.
నూట నలభై దాకా ఉంటయి.
ఒక్కటీ మాట్లాడదు.

మేము ఔసులోళ్లం.
రాయికల్ల మా పెద్దయ్య పుస్తెలు చేసిండు, ముక్కుపుల్లలు చేసిండు,
గురిగింజలు పెట్టి తూచిండు.
రెడీమేడ్ నగల షాపులొచ్చినంక
కొలిమిల పిల్లి పండుకున్నది.
నేను దుబాయొచ్చి పండ్లు చేస్తున్న.
మొదట్ల ముసలోళ్లయి, నమిలేటందుకు.
ఇప్పుడు పోరగాండ్లయి, చూపెట్టేటందుకు.

ఫిలిప్పీన్ మంగలి పోరనికి కింది వరుస ఆరు.
సూడాన్ పిల్లగానికి నడిమి సందుల సన్నని బద్ద.
తెల్లటి కందూరా తొడుక్కున్న కాలేజీ పిల్లగాడు
మీదివి ఎనిమిదింటికి ఎనిమిది చేయించుకుని
నాయినకు తెల్వొద్దని నోట్లు లెక్కబెట్టి ఇచ్చిండు.
మంచి పన్నుకు తొడుగెందుకని నేనడగ.
పండ్లూడగొట్టుకునేటందుకు ఏ రాయైతేందని ఊర్లె అంటరు.
ఊడని పండ్లకే నేను రాళ్లు పొదుగుతున్న.

మొన్న, హెల్మెట్ చంకల పెట్టుకొని ఒకడొచ్చిండు.
బైకు మీద బిర్యానీలు మోసేటోడు.
అంగీ వీపు మీద చెమట ఆరి ఉప్పు గీతలు.
"భాయ్, కిత్నా?"
ఆ కిత్నాలనే మెట్‌పల్లి దొరికింది నాకు.
పేరు లింబాద్రి.
"ఒక్కటే పన్నన్న. కుడిదిక్కు కోరపన్ను.
మూడు జీతాలల్ల ఇస్త."

అచ్చుల పేస్టు పెట్టి కరువుమన్న.
కరిచి పట్టుకొని మూడు నిమిషాలు కండ్లతోటే మాట్లాడిండు.
"నవ్వు నాలుగు విధాల చేటురా" అన్న, ఊకెనే.
పేస్టు తీసినంక చెప్పిండు:

"పాస్‌పోర్టుకు నోరు మూసుకొమ్మన్నరు.
వీసాకు మూసుకొమ్మన్నరు. లైసెన్సుకు, ఐడీ కార్డుకు.
కంపెనీ యాప్‌ల నా బొమ్మ చూడు,
గోడకు దండేసి పెట్టిన లెక్క ఉంటది.
తలుపు తీసినోళ్లు సంచి చూస్తరు,
సంచి పట్టిన చెయ్యి గూడ చూడరు.
ఒక్కపారి ఉలిక్కిపడాలన్న. ఒక్కపారే."

పెద్దయ్య యాదికొచ్చిండు.
ఆయన పోయిన్నాడు తమ్ముడు ఫోన్ జేసిండు,
నోట్లె పెట్టేటందుకు బంగారం తునక దొరుకుతలేదని.
ఔసులోళ్ల ఇంట్ల.
అప్పుడు నా బల్ల మీద పద్దెనిమిది గ్రాములున్నయి.
ఒక్క రవ్వ నాది కాదు.
రాలిన పొడి గూడ పొద్దుమీకి మెషీన్ పీల్చుకుంటది,
ఓనరు తూచుకుంటడు.
ఆఖరుకు పక్కింటామె తన కమ్మ గీకి ఇచ్చిందట.

ఈ ముచ్చట వానికెందుకు చెప్పిన్నో.
అద్దంల కోరపన్ను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటనే అన్నడు:
"హైవే మీద బతికేటోణ్ని.
సచ్చినంక ఎవడో పెట్టేదాక ఆగుడెందుకు?
నేనే పెట్టుకుంటున్న."
అని నవ్విండు.
ట్యూబులైటు చుక్క ఒకటి ఆ పన్ను మీద కూసున్నది.
నేను జవాబు వెతికిన. దొరకలే.

పదిహేను దినాలకు మళ్ల వచ్చిండు. పన్ను వదులైందట.
సూపర్‌వైజరు తీసెయ్యమన్నడట,
హెల్మెట్ లోపల ఎవనికి కనబడుతదని వీడు తీయలేదట.
"లిఫ్టుల ఒక చిన్నపిల్లన్నా,
నేను నవ్వంగనే వాళ్లమ్మ కొంగు పట్టుకొని
'అసద్' అన్నది. తిట్టా?"
సింహం అని చెప్పిన.
చాలాసేపు ఏం మాట్లాడలే.

తొడుగు తీసి దీపం కాడ పెట్టిన.
లోపటి గుంటల పప్పు, పసుపు.
బంగారం మీద పసుపు కంటికి ఆనదు,
గోటితోటి గీకితేనే తెలుస్తది.
"తినేటప్పుడు తియ్యమన్న గద?"
"తీసి యాడ పెట్టాలన్న? రూముల పన్నెండు మందిమి."

కడిగిన. బిగించిన.
మూడో జీతం ఇంకా బాకీనే.
పద్దుల పేరు కాడ
అసద్ అని రాసుకున్న.