ఒకే కోటు

తూర్పు క్లీవ్‌లాండ్‌లో, మూతబడ్డ ఫర్నిచర్ కొట్టు
మా రంగస్థలం.
గోడమీద ఇంకా "వాయిదాల్లో సోఫాలు" అన్న అక్షరాల మచ్చ.
నూటపది కుర్చీలు, ఏ రెండూ జత కావు.
ఆడేవాళ్లు ఎనిమిది మంది, వేషాలు నలభై,
పాటలు పద్దెనిమిది,
పైన రెండు మెట్లు పలకని పియానో, దాని ముందు నేను.

దొరతనానికి మాత్రం ఒకే కోటు.
బూడిదరంగు ఉన్నికోటు.
మొదటి పాటలో అది తొడుక్కుంటే లూషియస్ జడ్జి.
మూడో పాటలో ఇంటి ఓనరు,
అద్దె మాటకి నోరు పెద్దది,
బాయిలర్ మాటకి చెవుడు.
ఏడో పాటలో బడి ఇన్‌స్పెక్టరు.
విరామం అయ్యాక బ్యాంకు గుమాస్తా.
టోపీ ఒక్కటే మారుతుంది.
మొదటిసారి జనం పడీపడీ నవ్వుతారు.
నాలుగోసారికి ఆ నవ్వు
చేపముల్లులా గొంతులో అడ్డం పడుతుంది.

కోటు ఇచ్చింది వెర్డెల్, మా బట్టలు కుట్టే మనిషి.
నోట్లో ఎప్పుడూ గుండుసూదులు, అందుకే మాట పొదుపు.
లూషియస్ భుజం కొలుస్తూ ఒక్కసారే చెప్పింది:
ఆర్లిస్ ఇది కొన్నది బ్యాంకుకి వెళ్లడానికట.
తపాలా ఆఫీసులో రాత్రి డ్యూటీ దిగి, గడ్డం గీసుకుని,
బస్సెక్కితే నలుగుతుందని
మంచులో పద్నాలుగు వీధులు నడిచాడట.
గుమాస్తా మ్యాపు పరిచాడు.
వీళ్లడిగిన వీధి చుట్టూ ఎర్ర పెన్సిలు గీత.
"కోటు బాగుందన్నాడట,"
అని దారం కొరికింది వెర్డెల్.

బ్యాంకు పాటలో
మినెట్, థియోడిస్ కొత్తజంట. కాగితం చాపి నిలబడతారు.
నేను నాలుగు దెబ్బలు వాయిస్తాను.
లూషియస్ లోపలి జేబులోంచి రబ్బరు ముద్ర తీస్తాడు.
ఐదో దెబ్బకి ముద్ర, ముద్రతోబాటు చీకటి.
ముప్పై ఒక్క రాత్రులు అలాగే పడింది.

ముప్పై రెండో రాత్రి
చెయ్యి లోపలికి పోలేదు.
ముద్ర అందులోనే ఉంది, పైనుంచి చేతికి తగులుతూనే ఉంది,
జేబు నోరు ఎవరో కుట్టేశారు.
నేను ఆ నాలుగు దెబ్బలే మళ్లీ వాయించాను.
మళ్లీ.
లూషియస్ మెడమీద చెమట.
మళ్లీ.
మూడో వరసలోంచి ఓ ముసలావిడ, ఊదారంగు టోపీ,
"ముద్ర లేకపోతే మానె, ఇల్లిచ్చెయ్ నాయనా!" అంది.
హాలంతా గొల్లుమంది.
తర్వాత నవ్వు ఆగి చప్పట్లు మొదలయ్యాయి,
ఆదివారం చర్చిలో కొట్టినట్టు
దెబ్బకీ దెబ్బకీ నడుమ సందులో.
లూషియస్ కోటు విప్పేశాడు.
లోపల ఉన్నది లూషియసే, ఒక పక్క తెగిన సస్పెండర్లతో.
ఏం చెయ్యాలో తోచక కోటు మినెట్ చేతికిచ్చాడు.
ఆ పిల్ల తొడుక్కుంది. వేళ్లు కనబడనంత చేతులు.
లైట్లవాడికి ఎక్కడ ఆర్పాలో తెలియలేదు.
పక్క తెర వెనక వెర్డెల్
నోట్లో సూదులన్నీ తీసి అరచేతిలో పెట్టుకుంది.

మర్నాడు డైరెక్టరు రాస్కో కేకలేశాడు.
"జరిగింది చెప్పడానికి మన ఆట. జరగంది కాదు!"
ఆయనదీ తప్పని అనలేను.
వెర్డెల్ తలూపి, బ్లేడుతో
ఒక్కో కుట్టూ విప్పింది, గుడ్డకి నొప్పి తగలకుండా.

ఆ రాత్రి ముద్ర పడింది. ఆ తర్వాతా పడుతోంది.
నేను మాత్రం
నాలుగో దెబ్బ తర్వాత కొంచెం ఆగుతాను.
ఏమో,
ఇవాళ చెయ్యి లోపలికి పోదేమో.